దర్శనం కాకముందు తానీషా

2006లో వచ్చిన 'శ్రీ రామదాసు' సినిమాలో తానీషాగా నాజర్ పాదుషాలాగే ఉన్నాడు, రాక్షసుడిలా లేడు. అది మేం మెచ్చుకుంటాం. అయినా ఒకటి అడగాలి. ముస్లిం పాలకుడి మంచితనం తెలియడానికి రాముడి దర్శనం దాకా ఎందుకు ఆగాలి?

దర్శనం భక్తుల నమ్మకం. దాన్ని మేం కాదనం. మరి చరిత్ర మాటేమిటి? సూఫీ షా రాజు శిష్యుడైన అబుల్ హసన్ తానీషా (1672-87) గోల్కొండ సర్కారును చేతికిచ్చింది మాదన్నకు. గోపన్న జైలుకు పోయింది సర్కారు పైకంతో గుడి కట్టించినందుకే గాని, రాముణ్ణి కొలిచినందుకు కాదు. బ్రాహ్మణుడికి పెత్తనమిచ్చాడని తానీషాపై నేరం మోపినవాడు సాటి ముస్లిమే, ఔరంగజేబు. 1687లో గోల్కొండను పట్టి తానీషాను దౌలతాబాద్ కోటలో ఖైదు చేయించిందీ ఆయనే. గోపన్నను బంధించిన పాదుషా బందీగానే చచ్చిపోయాడు. ఇది మతాల కొట్లాటా, అధికారాల కొట్లాటా?

రెండు వందల ఏళ్ల వెనకటి కబీరును కథలోకి తెచ్చుకున్న సినిమా, ఈ చరిత్రను ముందు వరసకు తేలేదు.

తెలుగు, తమిళం, ఉర్దూ కలిసి వినిపించే మా సత్యవేడులో ఈ బొమ్మ చూసే ముస్లిం పిల్లాడికి దొరికేది ఇద్దరే: జైల్లో వేయించే పాదుషా, రాముణ్ణి పాడే కబీరు. నమాజు చదువుకుంటూనే పక్కవాణ్ణి నమ్మిన మనిషి ఏడీ? మేం అడిగేది ఆ మనిషినే.