తగవులమారి దయకు దండం

మెత్తటి మాటల దయను పొగిడేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను నిన్ను పొగుడుతాను, తగవులమారి దయా! నుదురు ముడిచి తలుపు తీసేదానా, తిడుతూనే పీట వాల్చేదానా, కంచంలో రొట్టె వేసి మొదటి మాట దగ్గరే మళ్లీ ఎదురుతిరిగేదానా, నీకు దండం.

సరుకు కోసం ఊరుకాని ఊరు తిరిగేవాడికే నువ్వు తెలుస్తావు. చుట్టానికి నీతో పనిలేదు. యాత్రికుడికి సత్రం ఉంటుంది. బేరగాడికి ఏముంది? చేతిసంచి, మచ్చుకాయల పొట్లం, షావుకారు చెప్పి పంపిన ధర.

గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాని నేను. టిక్కీ బస్తాలో చెయ్యిపెట్టి కాయల గలగల వింటే తేమ సంగతి చెప్పగలను. తేజ రకం మిర్చి ఘాటుకు తుమ్మకుండా నిలబడగలను. అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో నంద్యాల, గుంతకల్లు, బళ్లారి దాటి, హుబ్బళ్లిలో బండి మారి హావేరి జిల్లా బ్యాడగిలో దిగితే మాత్రం అక్కడి మిరప నా ముక్కును పట్టించుకోదు. ఒళ్లంతా ముడతలు, చిక్కటి ఎరుపు. దాన్నుంచి తీసిన రంగు పెదాలకూ గోళ్లకూ పూసుకునే రంగుల్లోకి పోతుంది. కారమంటారా, పెరుగన్నంలో నంజుకోడానికి కూడా చాలదు. (ఇది వాళ్ల ముందు అనకూడని మాట. నేనైతే అంటూనే ఉంటాను.)

2024 మార్చి 11. ధర కూలిందని కడుపు మండిన రైతులు బ్యాడగి మార్కెట్ కార్యాలయానికి నిప్పుపెట్టారు, వాహనాలు తగలబెట్టారు. ఆ సాయంత్రం గుంటూరు యాసతో నోరు తెరవడానికి జంకి సందు మలుపులో నిలబడ్డవాణ్ణి నువ్వు చూశావు. తెల్లపంచె, మెడలో లింగం, భుజాన తువ్వాలుతో రైతు వేషంలో వచ్చావు. నీ పంటా ఆవేళ నష్టానికే పోయింది. నేను రెండు ముక్కలు మాట్లాడానో లేదో, బళ్లారిలో నేర్చిన తెలుగులో "అంతా మీవల్లే" అన్నావు. ఆ వెంటనే "ఊట ఆయ్తా?", భోజనం అయిందా అని కన్నడంలో అన్నావు. రెండింటికీ మధ్య ఊపిరి కూడా తీసుకోలేదు.

జొన్నరొట్టెలు తడుతున్న చప్పుడులో నీ వాదన విన్నాను. మీ వైపు గింజ మా రేగడి చేలల్లోకొచ్చి, ఎకరాకు ఎక్కువ కాసి, మా డబ్బి కాయ, కడ్డి కాయ పరువు తీసిందన్నావు. ఎక్కువ కాసే గింజను వెయ్యొద్దని రైతుకు ఎవడు చెప్పగలడన్నాను. తుంగభద్ర నీళ్ల దగ్గరకొచ్చేసరికి గొంతులు లేచాయి. ఇల్లాలు మా ఇద్దరినీ లెక్కచెయ్యక ఎణ్ణెగాయి వంకాయ పక్కన వెన్నముద్ద పెట్టి వెళ్లింది. బసవన్న మావాడన్నావు. మీవాడే కావచ్చు, ఆయన పురాణం ముందు తెలుగులో పుట్టింది, పాల్కురికి సోమనాథుడు రాశాడు, 1369లో భీమకవి దాన్ని కన్నడానికి తెచ్చుకున్నాడన్నాను. కాసేపు నమిలావు. "కథ మాది, రాత మీది. మరి వచ్చినవాడికి అన్నం పెట్టే దాసోహం ఎవరిది?" అంటూ నాకు ఇంకో రొట్టె వేశావు. ఆ ఒక్కదానికి నేను జవాబు చెప్పలేదు. నోటినిండా రొట్టె ఉంది.

ఇందుకే నిన్ను కొలుస్తాను. అన్నం పెట్టావు గనుక నాచేత అవుననిపించుకోవాలని నువ్వు చూడలేదు. తిన్నాను గనుక నేనూ తలూపలేదు. కాఫీ ఇప్పించి క్వింటాలుకు ఇంత తగ్గించమనే మర్యాదలు యార్డులో రోజూ చూసేవాణ్ణి, ఎవరైనా ఆప్యాయంగా పలకరిస్తే ముందు జేబు తడుముకునేవాణ్ణి. నీ పెట్టుపోతల్లో ఆ బేరం లేదు. కోపమూ దాచుకోలేదు, పెరుగూ దాచుకోలేదు.

తెల్లారకముందే మోటారుసైకిలు మీద చేలగట్ల దారిన నన్ను హావేరి బస్టాండుకు చేర్చావు. గాలికి సగం మాటలు ఎగిరిపోతున్నా గిట్టుబాటు ధర లెక్క చెబుతూనే ఉన్నావు. బస్సు కదులుతుంటే కిటికీలోంచి శేంగా, అంటే వేరుశనగ, చట్నీపొడి పొట్లం నా ఒళ్లో పడేసి, దీనిముందు మీ కారం దండగన్నావు.

ఇప్పటికీ యార్డులో కాటాలు ముగిసేవేళకు నీ ఫోను మోగుతుంది. తేజ ఎంత పలికిందంటావు. చెబితే అబద్ధమంటావు. కావాలంటే వచ్చి చూసుకోమంటాను. 

"వస్తా. మీ ఇంట్లో ఆ కారం మాత్రం ముట్టను."

"రా అన్నా, ఎట్లా ముట్టవో నేనూ చూస్తా."