అవధానం – అప్రస్తుత ప్రసంగం – చేతిఫోను

అష్టావధానిని మెచ్చుకొనేవారు తరచుగా అనే మాట ఒకటి ఉంది: ‘ఒకేసారి ఎనిమిది పనులు చేయగల మనిషి’ అని. మహదేవపుర, హూడి, మారతహళ్ళి ప్రాంతాలలో ఉంటూ, ఒక చేత ఫోను, ఎదుట కంప్యూటరు, చెవిలో పాట పెట్టుకొని వాటి నడుమ పాఠ్యపుస్తకం తెరిచే మన విద్యార్థులకు ఈ మెప్పు ఒక సాకుగా కూడా పనికివస్తున్నది. అవధానికి చెల్లినది మాకెందుకు చెల్లదని వారి వాదం. ఈ మెప్పే సరైనది కాదనీ, అవధాన ప్రక్రియను కాస్త దగ్గరగా చూస్తే అది ఇందుకు పూర్తిగా విరుద్ధమైన సాక్ష్యం ఇస్తుందనీ మేము భావిస్తున్నాము.

అవధానసభను చూడని విద్యార్థుల కోసం ప్రక్రియను క్లుప్తంగా చెప్పుకుందాం. అవధాని చుట్టూ ఎనిమిదిమంది పృచ్ఛకులు కూర్చుంటారు. సమస్య, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి వంటి అంశాలలో అవధాని ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చెబుతూ ముందుకు సాగుతాడు. సాధారణంగా నాలుగు ఆవృత్తులలో పద్యాలు పూర్తవుతాయి. చివర ధారణ, అంటే అన్ని పద్యాలనూ వరుసగా అప్పజెప్పడం. ఇందులో గమనించదగ్గది ఏమిటంటే, ఏ క్షణంలోనైనా అవధాని ఒక్క పద్యం మీదే ఉంటాడు. పనులు ఎనిమిదే కాని అవి ఏకకాలంలో జరగవు, వరుసలో జరుగుతాయి. ఒక పని సగంలో వదిలి మరొక పనికి మళ్ళినప్పుడు మనసులో కొంత భాగం మొదటి పనిలోనే చిక్కుకొని ఉంటుందని సోఫీ లెరోయ్ 2009లో ప్రచురించిన పరిశోధనలో చూపారు. ‘అవధాన శేషం’ అనే అర్థం వచ్చే పేరు ఆమె దానికి పెట్టారు. పాదం పూర్తిచేసి మాత్రమే కదలడం ఆ శేషాన్ని తగ్గించుకొనే ఉపాయమని మా ఊహ.

ఇక ఆటంకాల సంగతి. అప్రస్తుత ప్రసంగి మధ్యమధ్య సంబంధం లేని ప్రశ్నలతో అడ్డుపడతాడు. ఘంటాగణనంలో ఎప్పుడు పడితే అప్పుడు గంట మోగుతుంది. అయితే అప్రస్తుత ప్రసంగికి సభలో ఉన్నది ఎనిమిదింట ఒక్క పీఠమే. గంట మోగినప్పుడు అవధాని దాన్ని లెక్కపెట్టుకుంటాడే కాని లేచి గంట దగ్గరకు పోడు. మన భాషలో ‘పరాకు’ అన్నది ఏమరుపాటుకూ పేరే, రాజసభలో హెచ్చరికగా పలికే ‘బహుపరాక్’లోనూ ఉన్నదే. చేతిఫోను ఈ రెండు అర్థాలనూ ఒకచోట చేర్చింది. ‘బహుపరాక్’ అంటూనే మనల్ని పరాకులో పడవేస్తుంది. ఎనిమిది పీఠాల మీదా అప్రస్తుత ప్రసంగులే కూర్చున్న సభ అది. అందులో ఆవృత్తి లేదు, ధారణ అంతకన్నా లేదు.

అవధానాన్ని తెలుగునాట ఊరూరా ప్రసిద్ధం చేసిన తిరుపతి వేంకట కవులు, అంటే దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950), ఇక్కడ మరొక పాఠం చెబుతారు. జనం నోట నిలిచిన వారి పద్యాలలో పెద్దభాగం పాండవోద్యోగ విజయాల నాటకాలవి. అవి అవధానసభలో పుట్టినవి కావు. అవధానపద్యాన్ని సభ నుంచి విడదీసి చదివితే ఛందస్సు నిర్దుష్టంగా ఉంటుంది, చమత్కారం ఉంటుంది. కాని భావం చాలావరకు సామాన్యమే. అది అక్కడికక్కడ చెప్పబడిందన్నదే దాని గొప్ప. ఆటంకాల నడుమ పని చేయడంలో అంతటి సాధన ఉన్నవారు సైతం నిలిచే రచన కోసం ఆటంకం లేని తీరికనే ఆశ్రయించారన్నమాట.

రాష్ట్రం బయట చదివే తెలుగు విద్యార్థికి ఇందులో నష్టం మరీ ఎక్కువ. మన వాక్యంలో సమాపక క్రియ సాధారణంగా చివర వస్తుంది. అంతవరకు కర్త, కర్మ, అసమాపక క్రియలు మనసులో నిలిపి ఉంచుకోవాలి. మధ్యలో ఫోను చూసినవాడు మళ్ళీ వాక్యం మొదటికి రావలసిందే. ఇంట్లో విన్న తెలుగు, ఫోనులో వచ్చే పొట్టి సందేశాల తెలుగు తప్ప మరొకటి ఎరుగనివారు ఇలా రెండు మూడుసార్లు వెనక్కి వచ్చి, ‘తెలుగు కష్టం’ అని పుస్తకం మూసివేస్తారు. కష్టం భాషలో లేదు.

కనుక అవధాని నుంచి మూడు పద్ధతులు తీసుకోవచ్చు. ఫోనుకు రోజులో ఒక వేళ, ఒక చోటు కేటాయించి, చదివేటప్పుడు దాన్ని పక్కగదిలో ఉంచాలి. లేవవలసివస్తే పేరా ముగించి, ఎక్కడ ఆగామో గుర్తుపెట్టుకొని లేవాలి. చివర పుస్తకం మూసి, చదివినదాన్ని సొంతమాటల్లో పైకి చెప్పుకోవాలి. కన్నడం వచ్చినవారికి మరొక సదుపాయం ఉంది. శతావధాని ఆర్. గణేశ్ 2012లో బెంగళూరులోనే పూర్తిగా కన్నడంలో శతావధానం చేశారు. అప్రస్తుత ప్రసంగమన్న మాట ఆ భాషలోనూ అదే. ఈసారి ఏ భాషలోనైనా అవధానం చూసే అవకాశం వస్తే, అవధాని ఎన్ని పనులు చేస్తున్నాడని కాక, ఒక పాదం ముగిసేవరకు వేటిని పట్టించుకోవడం లేదో గమనించండి.