అందరూ రాలేదు

విద్యానగర్ నుంచి అశోక్‌నగర్ దాకా గోడల నిండా కోచింగ్ పోస్టర్లే. పక్కనే నల్లకుంటలో చుక్కా రామయ్య గారి ఐఐటీ క్లాసులో చేరడానికే ఒకప్పుడు ప్రవేశ పరీక్ష రాసేవారు. లెక్కల మీద ఇంత శ్రమ పడే పేటలో, లెక్కలకు ఆధారమైన తర్కానికి మాత్రం ఎవరూ సమయం ఇవ్వరు. ఇంటర్ పిల్లలకు పాఠం చెప్పేవాడిగా ఇది నన్ను బాధపెడుతుంది.

ఇంటర్ మొదటి ఏడాది లెక్కల్లో తొలి పాఠం ప్రమేయాలు. నేను చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీతో మొదలుపెడతాను. ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లతో కిక్కిరిసే చోటు అది. హాల్లో కూర్చున్న ప్రతి మనిషికీ ఒక కుర్చీ, ఒకే ఒక కుర్చీ ఉంటే అది ప్రమేయం. ఒకే కుర్చీలో ఇద్దరు ఇరుక్కోకపోతే అన్వేకం. ఒక్క కుర్చీ కూడా మిగలకపోతే సంగ్రస్తం. ఇంతవరకు పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

చిక్కంతా కాదనమన్నప్పుడే. "ఇది సంగ్రస్తం కాదని ఎలా చూపిస్తావురా?" అంటే, "కుర్చీలన్నీ ఖాళీగా ఉండాలి సార్" అంటారు. ఒక్క ఖాళీ కుర్చీ చాలు కదా! తప్పు పిల్లలది కాదు, మన మాట తీరుది. "అందరూ రాలేదు" అంటాం. ఎవరూ రాలేదనా, కొందరే వచ్చారనా? ఎదురుగా ఉన్నవాడికి గొంతును బట్టి తెలుస్తుంది. కాగితం మీద తెలియదు.

జర్మనీలోని యేనా విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పిన గోట్‌లోబ్ ఫ్రెగె 1879లో తెచ్చిన చిన్న పుస్తకం ఈ చిక్కు విప్పింది. అరిస్టాటిల్ కాలం నుంచి తర్కంలో వాక్యాన్ని ఉద్దేశ్యం, విధేయం అని విడదీసేవారు. ఫ్రెగె వాక్యాన్ని ప్రమేయంగా చూశాడు. "ఫలానా కుర్చీ ఖాళీగా ఉంది" అన్న వాక్యంలో ఫలానా తీసేసి ఒక్కో కుర్చీ నంబరూ పెట్టండి. ప్రతిసారీ నిజమో అబద్ధమో వస్తుంది. ప్రదేశం, అంటే ప్రమేయం తీసుకునేవి, కుర్చీలు; సహప్రదేశంలో, అంటే అది ఇవ్వగలవాటిలో, ఉన్నవి రెండే: నిజం, అబద్ధం. 'ప్రతి' అన్నదానికి ఆయన ఒక గుర్తు పెట్టాడు. 'ఏదో ఒకటి' అన్నదాన్ని అందులోంచే, కాదనడం కలిపి రాబట్టాడు. వాటి వరుస మారితే అర్థమే మారుతుంది. ప్రతి మనిషికీ ఒక కుర్చీ ఉందనడం వేరు, ఒకే కుర్చీ ప్రతి మనిషిదీ అనడం వేరు. తర్కం మీద లెక్కలను నిలబెట్టాలని ఫ్రెగె కట్టిన పెద్ద మేడ, అందులో వైరుధ్యం ఉందని 1902లో తర్కవేత్త రస్సెల్ రాసిన ఉత్తరంతో కూలింది. ఈ పునాది మాత్రం కూలలేదు.

మన కోచింగ్ రీజనింగ్‌లో 'ప్రకటనలు – తీర్మానాలు' ఇప్పటికీ అరిస్టాటిల్ దారిలోనే నడుస్తాయి. "హాల్లో ఉన్నవాళ్లందరూ గ్రూప్స్ రాసేవాళ్లే" అన్నది ప్రకటన. "హాల్లో ఉన్నవాళ్లలో కొందరు గ్రూప్స్ రాసేవాళ్లు" అన్నది తీర్మానం. వర్తిస్తుందని గుర్తు పెడితేనే మార్కు. కానీ హాలు మూసేశాక చూడండి. మొదటిది అప్పుడూ నిజమే. కాదని నిరూపించడానికి గ్రూప్స్ రాయనివాణ్ణి ఒక్కణ్ణి కూడా చూపించలేం. రెండోది అబద్ధం, లోపల ఎవరూ లేరు కనుక. పరీక్షలో కోచింగ్ జవాబే రాయమంటాను. అయితే హాల్లో కనీసం ఒకరున్నారని మనం ముందే ఒప్పుకున్నామన్న మాట కూడా క్లాసులో చెప్పాలి. ఆ ఒక్క మాటకు రెండు నిమిషాలు పట్టదు.

ఉమ్మడి రాష్ట్రంలో పదో తరగతి లెక్కల పుస్తకం 'ప్రవచనాలు – సమితులు'తో మొదలై, వెంటనే ప్రమేయాల్లోకి వెళ్లేది. ఎంత చక్కని వరుస! నిజమే, సత్యపట్టికలను చాలామంది బట్టీనే పట్టారు. అయినా ప్రవచనాన్ని, అంటే నిజమో అబద్ధమో తేల్చగల వాక్యాన్ని, కాదనడం అంటే ఏమిటో ఒకసారైనా చేత్తో రాసేవారు. 2014లో కొత్త పుస్తకం వచ్చాక సమితులు మిగిలాయి, ప్రవచనాలూ ప్రమేయాలూ పోయాయి. అందుకే ఇప్పుడు ప్రమేయాల పాఠానికి ముందు కొన్ని క్లాసులు వాక్యాలను కాదనడానికే ఇస్తున్నాను. సిలబస్ వెనకబడుతుందని తల్లిదండ్రులు కంగారు పడతారు. పడనివ్వండి.

ఆ క్లాసుల తర్వాత వచ్చే ప్రశ్నలే వేరు. "ఎవరూ లేని హాలు నుంచి కుర్చీలకు ప్రమేయం ఉంటుందా సార్?" అని అడిగిందో అమ్మాయి. ఉంటుందమ్మా, సరిగ్గా ఒకటే ఉంటుంది. అన్వేకం కూడా. సంగ్రస్తం మాత్రం కాదు. ఎందుకో ఆ అమ్మాయే బోర్డు మీద రాసింది.