ముక్కలుగా వచ్చే డేటా

పైథాన్‌లో క్లయింట్, సర్వర్ ప్రోగ్రాములు రాయడం నేర్చుకోవడానికి ట్విస్టెడ్ ఇప్పటికీ మంచి బడి. గ్లిఫ్ లెఫ్కోవిట్జ్ 2000ల తొలినాళ్లలో ఒక మల్టీప్లేయర్ గేమ్ కోసం మొదలుపెట్టిన ఫ్రేమ్‌వర్క్ ఇది.

మామూలు సాకెట్‌తో రాసిన సర్వర్ ఒక క్లయింట్ నుంచి డేటా వచ్చేదాకా అక్కడే ఆగిపోతుంది. మిగతా వాళ్లను పట్టించుకోవాలంటే మనిషికో థ్రెడ్ కావాలి. ట్విస్టెడ్‌లో ఎదురుచూసే పని రియాక్టర్‌ది. ఏ సాకెట్‌కు డేటా వచ్చిందో ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగి తెలుసుకుని, దానికి సంబంధించిన ఫంక్షన్‌ను పిలుస్తుంది. ప్రతి కనెక్షన్‌కూ ఒక ప్రోటోకాల్ ఆబ్జెక్ట్ ఉంటుంది. వాటిని తయారుచేసేది ఫ్యాక్టరీ. చాట్ సర్వర్‌లో ఎవరెవరు ఉన్నారన్న జాబితా అందరికీ ఉమ్మడి కాబట్టి ఫ్యాక్టరీలో ఉండాలి.

మొదటి అభ్యాసం ఎకో సర్వర్: వచ్చినదాన్ని వచ్చినట్టే తిప్పి పంపడం. డేటారిసీవ్డ్ అనే మెథడ్‌లో ఒక్క లైను రాస్తే చాలు. అసలు పాఠం ఆ తర్వాతే మొదలవుతుంది. టీసీపీ మోసుకొచ్చేది బైట్ల ప్రవాహం. అందులో సందేశాల మధ్య హద్దులుండవు. ‘నమస్తే’ అన్న మాట యూటీఎఫ్-8లో 18 బైట్లు. క్లయింట్ ఒక్కసారిగా పంపినా సర్వర్‌కు ముందు 10, తర్వాత 8 రావచ్చు. అప్పుడు మొదటి ముక్క ‘స’ తర్వాతి పొల్లు మధ్యలో తెగుతుంది. దాన్ని వెంటనే డీకోడ్ చేయబోతే ఎర్రర్ వస్తుంది. ఒకే కంప్యూటర్లో పరీక్షించినప్పుడు మాట దాదాపు ఎప్పుడూ పూర్తిగానే అందుతుంది కాబట్టి ఈ లోపం బయటపడదు. లైన్‌రిసీవర్ అనే ప్రోటోకాల్ బైట్లను పోగేసి, లైను పూర్తయ్యాకే అందిస్తుంది. దాన్ని వాడేముందు ఆ పోగేసే కోడ్‌ను ఒకసారి సొంతంగా రాసి చూడడం ఎంతో మేలు.

రెండో పాఠం, రియాక్టర్ పిలిచిన ఫంక్షన్ చప్పున పని ముగించాలి. అందులో 5 సెకన్ల స్లీప్ పెడితే ఆ 5 సెకన్లూ క్లయింట్లందరూ ఆగిపోతారు. కాసేపాగి చేయాల్సిన పనికి కాల్‌లేటర్ ఉంది. ఫలితం తర్వాత వచ్చే పనికి డిఫర్డ్ ఉంది: ఫలితం వస్తే ఏం చేయాలో, విఫలమైతే ఏం చేయాలో దానికి ముందే అప్పగించవచ్చు. తప్పనిసరిగా ఆగాల్సిన పాత లైబ్రరీలను వేరే థ్రెడ్‌కు పంపాలి.

క్లయింట్‌కు సర్వర్ దొరకకపోవచ్చు, కనెక్షన్ మధ్యలో తెగిపోనూవచ్చు. రీకనెక్టింగ్ క్లయింట్ ఫ్యాక్టరీ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ, ప్రతిసారీ విరామం పెంచుతుంది. గరిష్ఠంగా దాదాపు గంట. ఆ విరామంలో కొంత యాదృచ్ఛికత కూడా కలుపుతుంది. లేకపోతే సర్వర్ లేవగానే క్లయింట్లన్నీ ఒక్కసారిగా మీద పడతాయి.

2014లో పైథాన్ 3.4తో వచ్చిన అసింక్‌ఐఓలోని ట్రాన్స్‌పోర్ట్, ప్రోటోకాల్ విభజన ట్విస్టెడ్ నుంచి అందుకున్నదే. అందుకే ఇక్కడ పడ్డ శ్రమ వృథా పోదు. డేటా ముక్కలుగా వస్తుందనీ, ఎవరినీ ఆపకూడదనీ ఒంటబట్టినవారు ఏ ఫ్రేమ్‌వర్క్‌లోనైనా నమ్మకమైన సర్వర్ రాయగలరు.