అడుగుకెంత?

విజయనగరం జిల్లా నెల్లిమర్లలో ఇల్లు మొదలుపెట్టాలనుకున్న ఎవరైనా కాంట్రాక్టరును పట్టుకుని మొదట అడిగే మాట ఒకటే: అడుగుకెంత? ప్లాను ఇంకా గీయించి ఉండరు. స్థలంలో రేగడి ఉందో గ్రావెలు ఉందో తవ్వి చూసి ఉండరు. అయినా అంకె కావాలి. మనం ఒక అంకె చెప్పామో, "పక్కూరి మేస్త్రి ఇంతకంటే ఏబై తక్కువకి సేత్తానన్నాడు బాబూ" అని జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆ ఏబై ఎక్కడినుంచి తగ్గుతుందో ఆయనా అడగడు, ఆ మేస్త్రీ చెప్పడు.

చదరపు అడుగు రేటు ఉత్త పనికిమాలినదని అనను. బ్యాంకు లోనుకి వెళ్లేటప్పుడు, చేతిలో డబ్బుకి ఎంత ఇల్లు వస్తుందో ఉజ్జాయింపుగా చూసుకునేటప్పుడు అది పనికొస్తుంది. దాని మీద అగ్రిమెంటు రాసుకోవడమే తప్పు. కాంక్రీటుని ఎవరూ చదరపు అడుగుల్లో కలపరు.

వెయ్యి అడుగుల స్లాబు తీసుకుందాం. మందం 5 అంగుళాలు. లెక్కకి 417 ఘనపుటడుగుల కాంక్రీటు. చాలామంది ఇక్కడే పుస్తకం మూసేస్తారు. మరి కింద దూలాలో? 9 అంగుళాల వెడల్పు, స్లాబు కిందికి 15 అంగుళాల లోతు, అన్నీ కలిపి 150 అడుగుల పొడవు అనుకోండి. అదొక 140 ఘనపుటడుగులు. మొత్తం 557. కాంక్రీటు మూడో వంతు పెరిగింది, ఇంటి విస్తీర్ణం మాత్రం ఒక్క అడుగు కూడా పెరగలేదు. సెంట్రింగ్ సంగతి ఇంకా చిత్రం. దూలం అడుగుభాగం ఆ వెయ్యిలోనే కలిసిపోతుంది గానీ రెండు పక్కలూ కలవవు. అవి 375 అడుగులు. ఇంటాయన కంటికి కనిపించేది వెయ్యి, సెంట్రింగ్ వాళ్లు షీట్లు కొట్టేది 1,375. అదే వెయ్యి అడుగుల్ని ఇంకో ఇంట్లో గదులు చిన్నవి చేసి కట్టారనుకోండి, దూలాల పొడవు మారిపోతుంది, ఈ లెక్కంతా మళ్లీ మారిపోతుంది. రెండిళ్లకీ ఒకే రేటు చెప్పినవాడు ఒక ఇంట్లో అయినా నష్టపోక తప్పదు. ఎక్కడ నష్టపోతాడో అక్కడ సిమెంటు తగ్గిస్తాడు.

ఆ 557 అడుగులంటే 15.8 ఘనపు మీటర్లు. ఎం20 రకం కాంక్రీటుకి వాడుకలో ఉన్న పాళ్లు 1:1½:3. కలిపి కుదించాక పొడి సరుకు చిక్కబడి తగ్గిపోతుంది కాబట్టి ఒక మీటరు కాంక్రీటుకి 1.54 మీటర్ల పొడి సరుకు పడుతుంది. సిమెంటు మీటరుకి ఎనిమిది బస్తాలు. మొత్తం 126 బస్తాలన్నమాట. ఇంతవరకూ ఏ డిప్లొమా కుర్రాడైనా చేస్తాడు. లాభం పోయేది దీని తరవాత.

స్లాబు రోజు లెవెల్ దారం సరిగ్గా కట్టకపోతే, లేదా షీట్ల కింద సరుగుడు బాదులు కాస్త కుంగితే, మందం 5 నుంచి 5½ అవుతుంది. అర అంగుళం. కంటికి కనిపించదు, ఇంటాయన మెచ్చుకుంటాడు కూడా, "మా మేస్త్రి గట్టిగా ఏసినాడు" అని. వెయ్యి అడుగుల మీద అర అంగుళమంటే 42 ఘనపుటడుగులు, తొమ్మిదిన్నర బస్తాల సిమెంటు, దాని వెనకాల ఇసుకా, పిక్కా, కూలీ. ఎస్టిమేటులో వేస్టేజీ అని మూడు శాతం రాసుకున్నవాడికి స్లాబు మందంలోనే పది శాతం పోయింది. అందుకే స్లాబు రోజు మిల్లర్ దగ్గర నిలబడి బస్తాలు లెక్కపెట్టే కాంట్రాక్టరు కంటే, పైన దారం పట్టుకుని మందం గుచ్చి చూసుకునే కాంట్రాక్టరుకి నాలుగు రూపాయలు మిగులుతాయి.

ఇసుక ఇంకో మాయ. మనకి చంపావతి పక్కనే ఉంది, నాగావళి ఎంతో దూరం కాదు. 2024 జూలై 8 నుంచి ఉచిత ఇసుక విధానం వచ్చాక ఇసుకకి ధర లేదు గానీ తవ్వకానికీ, ఎత్తుబడికీ, దూరానికీ ధర ఉంది. అంటే మనం కొనేది ఇసుకని కాదు, కిలోమీటర్లని. ప్రభుత్వ ఎస్టిమేట్లలో 'లీడ్' అని విడిగా రాసేది అందుకే. సరే, ట్రాక్టరు వచ్చింది. తడిసిన ఇసుక. అయిదారు శాతం తేమ ఉన్న ఇసుక పాతిక శాతం దాకా ఉబ్బుతుంది. వంద అడుగుల తడి ఇసుక దించుకున్నామంటే పొడి లెక్కలో దించుకున్నది ఎనభయ్యే. ఇది డ్రైవరు మోసం కాదు, ఇసుక స్వభావం. గిన్నెడు ఇసుక పూర్తిగా నీళ్లలో ముంచితే ఉబ్బు ఎంతో అక్కడికక్కడే తేలిపోతుంది. వానాకాలం ఎస్టిమేటుకీ వేసవి ఎస్టిమేటుకీ తేడా ఉండాలి. మన దగ్గర ఎంతమంది వేస్తారో మీకే తెలుసు.

సెంట్రింగ్‌కి అడుగు లెక్కన అద్దె రాస్తారు, రోజుల లెక్క మరిచిపోతారు. ఐఎస్ 456 ప్రకారం నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకి కింద బాదులు ఏడు రోజులు, అంతకు మించితే పద్నాలుగు, ఆరు మీటర్లు దాటిన దూలాలకి ఇరవై ఒకటి ఉండాలి. అన్ని రోజులూ ఆ షీట్లు ఇంకో ఇంటికి పోవు. మధ్యలో మూఢం వచ్చిందా, ఆషాఢం వచ్చిందా, ఇంటాయన పని ఆపేస్తాడు. మళ్లీ మంచిరోజులు రాగానే జిల్లా అంతా ఒకే ముహూర్తానికి స్లాబు వేస్తుంది. ఆ రోజు మిల్లరు అద్దె, లిఫ్టు అద్దె, మనిషి కూలి మూడూ పెరుగుతాయి. పంచాంగం చూడకుండా మన జిల్లాలో కాంక్రీటు రేటు కట్టకూడదని నేను నవ్వుతాలుకి అనడం లేదు. స్లాబు వేసినవాళ్లకి పెట్టే మాంసం భోజనం కూడా ఖర్చే. దాన్ని ఎస్టిమేటులో రాసిన కాంట్రాక్టరుని నేనింకా చూడలేదు, పెట్టనివాణ్ణీ చూడలేదు.

కూలీల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. మన రెండు జిల్లాల మనుషులు కాంక్రీటు పనికి హైదరాబాద్ వెళ్తారు, చెన్నై వెళ్తారు. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయినప్పుడు ఆ శిథిలాల కింద శ్రీకాకుళం, విజయనగరం మనుషులు ఎందరున్నారో ఈ ప్రాంతానికి తెలుసు. పని తెలిసిన చెయ్యి ఊళ్లో నిలవడం లేదు. ఊళ్లో ఉన్నవాళ్లు ఉడుపుల రోజుల్లో పొలంలో ఉంటారు, సంక్రాంతికి పదిరోజులు ఎవరికీ దొరకరు. మన నియోజకవర్గంలోనే భోగాపురం విమానాశ్రయం పని వచ్చింది, అక్కడ రోజూ పని, వారం వారం డబ్బు. అలాంటప్పుడు పాత కూలి రేటు వేసుకుని కొటేషన్ ఇచ్చినవాడు తన జేబులోంచి తేడా కట్టుకుంటాడు.

ఇక ప్రభుత్వ పనులు. అక్కడ అంకెను మనం పెట్టం. ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ రేట్ల పట్టిక) రేట్లతో ఇంజినీర్లు కట్టిన అంచనా విలువ ముందే ఉంటుంది. మనం వేసేది శాతం: అంచనాకి ఎంత ఎక్సెసో, ఎంత లెస్సో. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ రాకముందు టెండరు డబ్బా దగ్గర జరిగిన తోపులాటలు పాతవాళ్లు కథలుగా చెప్తారు. కంప్యూటరు వచ్చాక ఆ తోపులాట పోయింది, లెస్సుల పోటీ మిగిలింది. అదే ఏడాది వచ్చిన జీవో 94 ప్రకారం అంచనాకి 5 శాతం మించి వేస్తే టెండరు చెల్లదు. 25 శాతం కంటే ఎక్కువ తగ్గించి వేస్తే, అంచనాలో 75 శాతానికీ మనం వేసినదానికీ ఉన్న తేడా అదనపు డిపాజిట్టుగా కట్టాలి. పది లక్షల సీసీ రోడ్డుని ఏడు లక్షలకి వేసినవాడు యాభై వేలు ముందు కట్టి పనిలో దిగాలి. ఎందుకు పెట్టారీ నిబంధన? ఆ రేటుకి ఆ పని రాదని రాసినవాళ్లకీ తెలుసు కాబట్టి.

2019లో రివర్స్ టెండరింగ్ తెచ్చారు, అంటే వేసిన రేటు మీద మళ్లీ తగ్గించే పోటీ. పోలవరం పనిని ఒక పెద్ద కంపెనీ 12.6 శాతం తక్కువకి తీసుకుంది, ప్రభుత్వానికి 628 కోట్లు మిగిలిందన్నారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ పద్ధతి తీసేశారు. మంచిచెడ్డలు రాజకీయులు తేల్చుకుంటారు. నాకు అర్థమైంది ఇంతే: సొంత క్రషరు, సొంత బ్యాచింగ్ ప్లాంటు, ఖాళీగా నిలబడ్డ యంత్రాలు ఉన్నవాడు లెస్సు వేస్తే అతని ఖర్చు నిజంగానే తక్కువ. మిల్లరు అద్దెకి తెచ్చుకునేవాడు అతన్ని చూసి లెస్సు వేస్తే, అది ధైర్యం కాదు.

పైగా బిల్లు చేతికొచ్చేసరికి అందులో ఆదాయపు పన్ను, జీఎస్టీ టీడీఎస్, ఒక శాతం కార్మిక సెస్సు, ఇసుక, పిక్క మీద సీనరేజీ, సెక్యూరిటీ డిపాజిట్టు అన్నీ కోతపడతాయి. కొన్ని తిరిగొస్తాయి, కొన్ని రావు. అసలు దెబ్బ అది కాదు, ఆలస్యం. పది లక్షల పనికి ఎనిమిది లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పెట్టినవాడికి, ఎం-బుక్ (కొలతల పుస్తకం) రికార్డయి బిల్లు ఆరు నెలలకి వస్తే, వడ్డీయే 96 వేలు. అంచనాలో ఓవర్‌హెడ్లూ లాభమూ కలిపి ఇచ్చేది దాదాపు 14 శాతం. పది శాతం లెస్సు వేశామంటే, ఆ పద్నాలుగులో పది గెలిచిన రోజునే పోయింది. మిగిలిందేమిటో మీరే చూడండి. ఈ వడ్డీ వరుసని ఎస్టిమేటులో మొదటి పేజీలో రాయమని కొత్తగా ఈ పనిలోకి వచ్చే కుర్రాళ్లకి నేను చెప్తుంటాను. ఎక్కువమంది చివరి పేజీలో కూడా రాయరు.

ప్రైవేటు పనిలో ఆ జబ్బు తక్కువే గానీ బేరం ఉంటుంది. ఖర్చు వంద, దాని మీద 15 వేసుకుని 115 చెప్పామనుకుందాం. "రౌండు చెయ్యండి గురువుగారూ" అని ఇంటాయన 5 శాతం తగ్గించమంటాడు. 115లో 5 శాతం అయిదుముప్పావు. మన 15 తొమ్మిదింబావు అయింది. ఆయనకి అయిదు శాతమే, మనకి లాభంలో మూడో వంతు పైనే. ఆ మిగిలిన తొమ్మిదింబావులో మన సొంత జీతం, బండి పెట్రోలు, ఫోను, కుదరని కొటేషన్ల కోసం తిరిగిన తిరుగుడు అన్నీ ఉన్నాయి. మన ఊళ్లో చాలామంది చిన్న కాంట్రాక్టర్లు ఏడాది పొడుగునా లాభం అనుకుంటున్నది వాళ్ల సొంత కూలి. అది కూడా పూర్తి కూలి కాదు. బేరం వచ్చినప్పుడు తగ్గించాల్సింది రేటు కాదు, పని. మెట్ల మీద గది తీసేద్దాం, పోర్టికో తరవాత వేద్దాం అనండి. వినకపోతే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి. వదిలేసిన పనిలో ఎవరూ అప్పులపాలు కాలేదు.

ఇల్లు కట్టుకునేవాళ్లకి నా మనవి. ఈసారి కొటేషన్ తీసుకునేటప్పుడు అడుగుకెంత అని అడగకండి. ఎన్ని ఘనపుటడుగుల కాంక్రీటు, ఎన్ని బస్తాల సిమెంటు, ఎన్ని కిలోల ఊచ, ఎన్ని అడుగుల సెంట్రింగ్ అని అడిగి, కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకోండి. అందరికంటే తక్కువ చెప్పినవాడు ఆ కాగితం రాయలేకపోతే, ఆ పని అతనికి ఇవ్వకండి.