777 కొట్టని చెయ్యి

రాత్రి బ్యాకప్ స్క్రిప్ట్ ‘పర్మిషన్ డినైడ్’ అని ఆగిపోతే, తొందరపడేవాళ్లు 777 కొట్టేసి చేతులు దులుపుకుంటారు. మంచి లినక్స్ అడ్మిన్ ముందు ఆ స్క్రిప్ట్ రాయబోయిన టెంపరరీ ఫైలు ఎవరి పేరు మీద ఉందో చూస్తారు. చాలాసార్లు గుట్టు అక్కడే బయటపడుతుంది. పగలు ఎవరో ఒకసారి అదే స్క్రిప్ట్‌ను సుడోతో నడిపారు, ఫైలు రూట్ సొత్తయింది. రాత్రి క్రాన్ మామూలు యూజర్‌గా వచ్చి అందులో రాయబోతే కుదరదు. తీసేసి కొత్తది పెడదామన్నా కుదరదు: టెంప్ డైరెక్టరీ మోడ్ 1777, ముందున్న ఆ 1 స్టిక్కీ బిట్. సత్రంలో చోటు అందరిదీ, పెట్టె మాత్రం ఎవరిది వాళ్లదే.

దీనికి తలకిందుల కేసు నాకు మరీ ఇష్టం. ఫైలు మామూలు యూజర్‌ది, రాయబోయేది సాక్షాత్తూ రూట్, అయినా అదే ఎర్రర్! 4.19 కెర్నెల్‌తో వచ్చిన ‘ప్రొటెక్టెడ్ రెగ్యులర్’ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఇలా జరుగుతుంది. రూట్‌కు అడ్డేమిటని కొట్టిపారెయ్యకుండా అక్కడిదాకా తవ్వి చూసే ఓపికకు దండం పెట్టాలి.

మందు చిన్నదే. ఫైలు పేరు మనమే రాసెయ్యకుండా ఎంకేటెంప్‌ను అడిగితే, ప్రతిసారీ కొత్త పేరుతో, 600 మోడ్‌తో ఫైలు ఇస్తుంది. దాని కిందే ఒక ట్రాప్ లైను, స్క్రిప్ట్ మధ్యలో ఆగినా ఫైలును తుడిచెయ్యడానికి.