కొలతకు అందని వేదన

2020వ సంవత్సరము మార్చి మాసమున మహమ్మారి కారణముగా విశ్వవిద్యాలయములు మూతపడెను. విద్యార్థులు వసతిగృహములు విడిచి స్వగ్రామములు చేరిరి. వారి మనోవ్యథను గూర్చియు, మాదకపదార్థముల వాడుకను గూర్చియు పిమ్మట వెలువడిన పరిశోధనములు పెక్కు కలవు. వానిలో ననేకములు అంతర్జాలమున పంపిన ప్రశ్నపత్రములపై ఆధారపడినవి. ఆ పద్ధతి గుణదోషములను విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

నిర్బంధకాలమున ముఖాముఖి విచారణ అసాధ్యము గనుక ఆ మార్గము నవలంబించిన పరిశోధకులను తప్పుపట్టరాదు. అయినను 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారము అంతర్జాల వసతి గల కుటుంబములు పట్టణములందు నూటికి 42, పల్లెలందు సుమారు 15 మాత్రమే. కొరాపుట్ జిల్లాలోని బంధుగాం వంటి కొండసీమకు మరలిన విద్యార్థికి ఆ పత్రము చేరకయే యుండవచ్చును. అతనిని విడిచిన లెక్కను విద్యార్థిలోకమున కంతకు అన్వయించుట సాహసము.

రెండవ దోషము కొలమానమునకు సంబంధించినది. ప్రపంచ ఆరోగ్యసంస్థవారి 'ఆడిట్' అను పది ప్రశ్నల పట్టిక 10 గ్రాముల ఆల్కహాలును ఒక పానముగా నెంచును. సీసా మద్యమున కిది సరిపడును. జీలుగు కల్లు ప్రొద్దెక్కిన కొలది పులియును. ఇప్పసారా ఘాటు కాచిన విధమును బట్టి మారును. అవి హానిలేనివని మా భావము కాదు. ఆ హానిని ఈ పట్టిక సరిగా తూచజాలదు.

'పి.హెచ్.క్యూ.-9' అను పట్టిక గడచిన రెండు వారముల అలసటను, నిద్రను గూర్చి ప్రశ్నించును. పగలెల్ల పొలమున పాటుపడిన విద్యార్థి అలసట దిగులు వలననో, ఒడలి శ్రమ వలననో అంకె తెలుపదు. ఎదుట కూర్చుండి, అతని యింటిభాష తెలుగైనను, కువియైనను, ఒడియాయైనను, అందు మాటలాడినగాని తెలియదు.

అన్నిటికంటె గురుతరమైనది అందలి తొమ్మిదవ ప్రశ్న. చనిపోయిన మేలను తలంపు ఎంత తరచుగా కలిగెనని అది అడుగును. పేరులేని పత్రమున ప్రతిదినమని గుర్తించిన వానిని పరిశోధకుడు వెదకి ఓదార్చలేడు. అడిగినవాడు సాయమునకు త్రోవయు చూపవలయును. భారత ప్రభుత్వము 2022 అక్టోబరులో 'టెలీ మానస్' సేవను నెలకొల్పి 14416 సంఖ్యను ఏర్పరచినది. ఫోను పలుకని ఊళ్లకు ఆ సేవయు అందదు.

కావున ఇకమీద పరిశోధన కాగితముతో, దుబాసితో ఊరికి పోవలయును. వెంట వైద్యసహాయమును కొనిపోవలయును. మన విద్యాధిక సంఘములు అట్టి పనికి పూనుకొనుట యుక్తము.